ఇథనాలు పెట్రోలు - రైతుల కర్తవ్యము



చెఱకు, మొక్కజొన్న, నూకలు మొదలగు వానినుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలిపి విక్రయించుట మన దేశమున క్రమముగా హెచ్చి, 2025వ సంవత్సరమునకు నూటికి 20 పాళ్లకు చేరినది. దీనివలన మన పంటకు గిరాకి యేర్పడినది; విదేశపు నూనెకై పోవు ధనము కొంత మిగులుచున్నది; పొగలోని విషవాయువు కొంత తగ్గుచున్నది. కావున నీ పద్ధతికి మేము విరోధులము కాము. కాని పంట నమ్మి గడించిన లాభమును బండి మరమ్మతులకు ధారపోయుట వివేకము కాదు.

ఇథనాలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. నీరు మితిమీరినచో నది నీటితో కూడి, పెట్రోలునుండి విడిపోయి, టాంకి యడుగున నిలుచును. అచ్చట నినుము త్రుప్పుపట్టును. పాతరకపు రబ్బరు గొట్టములు, వాషర్లు దానిలో నాని యుబ్బును, లేదా పగులును. ఎన్నాళ్లుగానో పేరుకొనిన మురికి కరగి కార్బురేటరు రంధ్రములను మూయును. 2023 ఏప్రిలు మొదలు తయారైన బండ్లు ఈ మిశ్రమమునకు తాళగల రబ్బరుతోను, లోహములతోను వచ్చుచున్నవి. మన గ్రామములలోని బండ్లలో ననేకము లంతకు పూర్వపువి. డీసెలు ట్రాక్టరున కీ చిక్కు లేదు.

మందు చల్లు పెట్రోలు స్ప్రేయరు విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అది నెలల తరబడి మూల నుండును. పని ముగిసిన వెంటనే టాంకి ఖాళీచేసి, కార్బురేటరులో మిగిలినదియు మండిపోవువఱకు నడిపి, పిదప దాచవలెను. పాత గొట్టములను ముందుగానే మార్పించుట మేలు.

ఇక ధర మాట. ఇథనాలులోని శక్తి పెట్రోలు శక్తిలో నించుమించు మూడింట రెండు పాళ్లే. ఈ మిశ్రమమునకై నిర్మింపబడని కార్లకు నూటికి 6 మొదలు 7 వఱకును, ద్విచక్ర వాహనములకు 3 మొదలు 4 వఱకును లీటరునకు నడచు దూరము తగ్గునని 2021లో నీతి ఆయోగ్ నివేదికయే యంచనా వేసినది. అట్టి ఇంధనపు వెల మామూలు పెట్రోలు వెలకన్న తక్కువగా నుండవలెనని కూడ నందు సూచింపబడినది. పాల సంఘమున వెన్నశాతము చూచి మన పాలకు వెల కట్టుదురు గదా! మనము కొను ఇంధనమునకు మాత్రమా న్యాయ మేల వర్తింపరాదు?

బంకులలో మిశ్రమపు పాళ్లు స్పష్టముగా వ్రాసి యుంచవలెననియు, పాత బండ్లవారికి తక్కువ పాళ్ల పెట్రోలు లభింపవలెననియు, శక్తికి తగిన వెల నిర్ణయింపవలెననియు ప్రతి సంఘమును తన మహాసభలో తీర్మానించి ప్రభుత్వమునకు పంపవలెనని మా మనవి.