పటంలో రంగు, పరిశోధనలో సాక్ష్యం: కొత్తూరు ఉదాహరణ

అక్షరాస్యతను పాఠకలోకపు విస్తృతికి కొలమానంగా తీసుకునే సాహిత్య, సామాజిక భాషాశాస్త్ర వ్యాసాలలో రంగుల పటం సాక్ష్యంగా చెలామణి అవుతున్నది. పటం ఉన్నదే చూపుతుందనీ, అంకెలను తరగతులుగా విడదీయడం సాఫ్ట్‌వేర్ చూసుకునే పని అనీ ఒక నమ్మకం. ఈ నమ్మకం పరీక్షకు నిలవదు.

2011 జనాభా లెక్కల ప్రకారం, నేటి తెలంగాణకు చెందిన నాటి పది జిల్లాలలో అక్షరాస్యత అత్యల్పంగా మహబూబ్‌నగర్‌లో 55.04 శాతం, అత్యధికంగా హైదరాబాదులో 83.25 శాతం. ఈ అంతరాన్ని సమానంగా మూడు తరగతులు చేస్తే తొలి హద్దు 64.44 వద్ద పడుతుంది. అప్పుడు 64.20 శాతం గల నల్లగొండ మహబూబ్‌నగర్‌తో ఒకే రంగులో చేరుతుంది, 64.81 శాతం గల ఖమ్మం పై తరగతికి పోతుంది. తొమ్మిది శాతానికి మించిన ఎడం మాయమై, అర శాతాన్ని కొంచెం దాటిన తేడా గోడలా నిలుస్తుంది. తరగతికి రెండు జిల్లాల చొప్పున అయిదు తరగతులు చేసినా మేలు లేదు: ఆదిలాబాదు (61.01) మహబూబ్‌నగర్ సరసన కూర్చుంటుంది, నిజామాబాదు (61.25) విడిపోతుంది. జెంక్స్ పద్ధతి నాలుగు తరగతులతో అంకెల గుంపులను గౌరవిస్తుంది: మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాదు దేనికది విడిగా, మిగిలిన ఏడూ ఒకటిగా. ఒక్క పటమే వేయదలిస్తే ఇదే నయం. అయితే 'సహజ విరామాలు' అన్న దాని పేరు మోసకరం. ఆ హద్దులు ఆ ఒక్క దత్తాంశానికే చెందుతాయి. మరో దశాబ్దపు లెక్కలకు వేరే హద్దులు వస్తాయి. పోలికే ఉద్దేశమైతే రెండు పటాలకూ ఉమ్మడి హద్దులు తప్పవు.

కొత్తూరు విషయంలో ఇవేవీ చాలవు. శంషాబాదు దాటాక బెంగళూరు రహదారి మీద వచ్చే ఈ మండలం 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. శంషాబాదు అప్పటికే రంగారెడ్డి జిల్లాలోనిది. 2011 జిల్లా పటంలో ఈ రెండింటి మధ్య ఇరవై శాతానికి పైబడిన అగాధం కనిపిస్తుంది. పునర్వ్యవస్థీకరణలో కొత్తూరు రంగారెడ్డిలో చేరింది. పాత శాతాలనే కొత్త హద్దుల మీద పరిచే పరిశోధకుడు, అక్కడ ఒక్కరూ కొత్తగా అక్షరం నేర్వకుండానే, దానిని చదువరుల ప్రాంతం చేసేస్తాడు. ఆ రంగు మార్పును 2008లో ప్రారంభమైన విమానాశ్రయపు ప్రభావంగా వ్యాఖ్యానించడానికి ఆపైన ఎంతోసేపు పట్టదు. మండలాల అంకెలు జనాభా లెక్కలలోనే లభిస్తుండగా జిల్లా సగటుతో సరిపెట్టుకోవడం బద్ధకమే.

మాండలిక పటాలకూ ఇది వర్తిస్తుంది. ఒక పదం ఎంత శాతం గ్రామాలలో వినబడిందో రంగులలో చూపి, రంగు మారిన చోటే మాండలిక సరిహద్దు ఉన్నదనడం తాను గీసిన గీతను తానే కనుగొన్నట్లు చెప్పుకోవడం. పద్ధతి పేరు, తరగతి హద్దులు, వాటిని ఎంచుకున్న కారణం పటం కిందనే లేని వ్యాసాన్ని సమీక్షకులు తిప్పి పంపాలి. పది జిల్లాల పాటి విషయమైతే అంకెల పట్టిక చాలు, రంగులతో పనే లేదు.