ఎర్త్ పిన్ను మీద ఎందుకండీ అంత పగ?

మొన్న ఫ్రెండింటికెళ్తే కొత్త ఆంప్లిఫయర్ చూపించాడు. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను లేదు! "గుయ్యిమని హమ్ వస్తోంటే పీకేశా, ఇప్పుడు భలే క్లీన్‌గా ఉంది" అన్నాడు గర్వంగా. వీడూ ఇంజనీరే, ఖర్మ!

అయ్యా, ఆ 50 హెర్ట్జ్ హమ్ చాలాసార్లు గ్రౌండ్ లూప్ వల్ల వచ్చేది. ఆంప్‌కి ఒక ఎర్త్, కేబుల్ టీవీ వైరు ద్వారా ఇంకో ఎర్త్. ముందు అన్నీ ఒకే బోర్డుకి పెట్టి చూడండి. తగ్గకపోతే కేబుల్ లైనుకి ఐసొలేటర్ తగిలించండి. అంతేగానీ పిన్ను పీకేస్తే, లోపల లైవ్ వైరు ఊడి ఇనప బాడీకి తగిలినా ఫ్యూజ్ పోదు. 230 వోల్టులు ముట్టుకునేవాళ్ళ కోసం అలాగే కాసుక్కూచుంటాయి. ముట్టుకునేది వాడి మూడేళ్ళ కూతురే కావచ్చు.

ఆఫీసులో వార్నింగులు సప్రెస్ చేసే అలవాటు ఇంట్లోనూ చూపిస్తే ఎలా? బగ్గు అక్కడే ఉంటుంది బాబూ, మనమే ఉండం.