మేస్త్రీ బుర్రలో ఉన్న వెర్షన్

మనం ప్రాజెక్ట్ రిపోర్టులకి ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’ అని పేర్లు పెట్టి నవ్వుకుంటాం కదా! మౌలాలిలో మా బాబాయి షెడ్డులో సరిగ్గా ఆ గందరగోళం వల్లే ఒక స్టీల్ షీటు మొత్తం తుక్కులోకి పోయింది.

బాబాయి కారం, పసుపు ప్యాక్ చేసే మిషన్లు తయారు చేస్తాడు. వానాకాలంలో పొడి చెమ్మ పట్టి తొట్టిలో గడ్డకడుతుంది, ప్యాకెట్ బరువు తగ్గుతుంది. మేస్త్రీ తొట్టి వాలు పెంచి, లోపల కలియతిప్పే కడ్డీ ఒకటి బిగించాడు. సమస్య తీరింది. ఇన్నోవేషన్ అంటే ఇదే. కానీ ఆ మార్పుని ఎవరూ రాసిపెట్టలేదు. మేస్త్రీ ఊరెళ్ళిన వారంలోనే కొత్త ఆర్డరొచ్చింది. లేజర్ కటింగ్‌కి పాత డ్రాయింగే వెళ్ళింది.

సీఎస్‌ఈ వాణ్ణి కదా, నేను రంగంలోకి దిగాను. లాగిన్, డ్యాష్‌బోర్డు, గ్రాఫులతో ఒక స్టాక్ యాప్ చేసిచ్చాను. రెండు రోజులు చూశారు, అంతే. నూనె చేతులతో పాస్‌వర్డ్ ఎవరు కొడతారు? పైగా స్క్రీనంతా ఇంగ్లీషు. వాళ్ళని వారం రోజులు గమనించి చేయాల్సిన పని, నేను హాస్టల్ రూములో కూర్చుని చేశాను.

రెండోసారి యాప్ జోలికి పోలేదు. మిషన్‌కో ఫోల్డర్. ప్రతి డ్రాయింగ్‌కీ నంబరు, తేదీ. పాతవన్నీ వేరే ఫోల్డర్‌లోకి. ఒక షీట్‌లో మూడు గడులు: ఏం మార్చాం, ఎవరు మార్చారు, ఎందుకు మార్చాం. ‘ఎందుకు’ అన్నది మేస్త్రీ వాయిస్ మెసేజ్‌లో చెప్తాడు, తమ్ముడు టైప్ చేస్తాడు. మనం గిట్‌లో కమిట్ మెసేజ్ రాస్తామే, అదే ఇది.

ఇక్కడ ఒక చిక్కుంది. “నాకు తెలిసిందంతా అందులో పెట్టేస్తే ఇంక నాతో పనేముంటది?” అని మేస్త్రీ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ‘ఎవరు’ అనే గడి తీసేయకూడదంటాను. ఆ మార్పుతో మిషన్ అమ్ముడుపోతే మేస్త్రీకి వాటా ముట్టాలి. ఇది సాఫ్ట్‌వేర్ తేల్చేది కాదు, ఓనరు తేల్చాలి. బాబాయి ఇంకా ఆలోచిస్తున్నాడు.

చింతకింది మల్లేశం గారిని చూడండి. ఒక్క చీరకి ఆసు పోయాలంటే చేతిని దాదాపు 9,000 సార్లు తిప్పాలి. అమ్మ చేతి నొప్పి చూసి ఆయన 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మైక్రోకంట్రోలర్ ఆ యంత్రంలోకి తర్వాతే చేరింది. ముందు పని తెలియాలి, చిప్ తర్వాత.

నమూనా చేయాలంటే 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గంలో దిగొచ్చు. కానీ ఏ మార్పు ఎందుకు చేశామో మన దగ్గర రాసి లేకపోతే అక్కడికెళ్ళి ఏం చూపిస్తాం?

వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఇంకో అటెండెన్స్ యాప్ వద్దు ఫ్రెండ్స్. మౌలాలి, నాచారం, చర్లపల్లిలో ఏదో ఒక షెడ్డుకి వెళ్ళి వారం కూర్చుందాం. మొదటి రోజు ల్యాప్‌టాప్ బ్యాగులోంచి తీయకండి.