కుటుంబము, కూలి, చట్టము

స్వలింగజంటల వివాహసమానత్వమును కనీసవేతనమును ఒక్క వ్యాసమున చర్చింపబూనుట చూచి, నగరములలోని విద్యావంతుల కోరికకును రెక్కాడినగాని డొక్కాడని కూలివాని యాకలికిని సంబంధమేమని కొందఱు పాఠకులు ప్రశ్నింపవచ్చును. కాని కనీసవేతనమును లెక్కకట్టు పద్ధతిని పరిశీలించినవారికి ఆ సంబంధము స్పష్టముగనే గోచరించును. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభ, శ్రామికుడును, భార్యయు, ఇద్దఱు బిడ్డలును గల కుటుంబమును ప్రమాణముగా గైకొని, వారి తిండికి, ఏటికి 72 గజముల బట్టకు, ఇంటి అద్దెకు, వంటచెఱకునకు, దీపమునకు చాలునంత కూలియే కనీసవేతనమని తీర్మానించినది. బిడ్డల చదువు, వైద్యము, వృద్ధాప్యము, పెండ్లి పేరంటములు కూడ ఆ లెక్కలో చేరవలయునని 1991లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. అనగా, కూలి యనునది ఒంటరి దేహమును మోయుటకు గాక ఒక సంసారమును నిలుపుటకని మన రాజ్యమే ఒప్పుకొన్నది. ఒప్పుకొనియు, ఆ సంసారము నిలుచునంత కూలిని కోట్లమందికి దక్కనీయదు. ఆ సంసారమును కట్టుకొను హక్కునే మఱికొందఱికి ఈయదు.

మొదట కూలి సంగతి. 2018 జులై నాటి ధరలను బట్టి దినమునకు 375 రూపాయలు తగునని కేంద్రప్రభుత్వము నియమించిన సత్పథి సంఘము 2019లో నివేదింపగా, ఆ యేడే కేంద్రము జాతీయ కనిష్ఠవేతనమును 176 నుండి 178 రూపాయలకు, అనగా రెండే రెండు రూపాయలు పెంచి యూరకున్నది. నలుగురున్న యింట తలకు నలుబదియైదు రూపాయలైనను రాని యీ మొత్తమును జీవనాధారమని పిలుచుటకు నాకు నోరు రాదు. కూలి పెంచినచో చిన్న పరిశ్రమలు మూతపడునను భయము నిరాధారమని నేననను. అట్టి పరిశ్రమలకు ప్రభుత్వము వడ్డీలోనో, విద్యుత్తు ధరలోనో ఊరట కల్పింపవచ్చును. ఆ ఊరటను కూలివాని కంచములోనుండి తీసి యిచ్చుట మాత్రము న్యాయము కాదు. కనీసవేతనమునకు తక్కువగా ఇచ్చి చేయించుకొను పని వెట్టిచాకిరియే యని, ఆసియా క్రీడల నిర్మాణకార్మికుల వ్యాజ్యములో 1982లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనస్మృతి ప్రకారము, కేంద్రము నిర్ణయించు కనిష్ఠమునకు దిగువగా ఏ రాష్ట్రమును కూలి నిర్ణయింపరాదు గావున, ఆ యంకెను 1957 నాటి కొలతతోనే నిర్ణయించుట ఇప్పుడు ప్రభుత్వమునకు తప్పనిసరి ధర్మము.

ఇక వివాహము. స్వలింగప్రేమ నేరము కాదని 2018 సెప్టెంబరు 6న తీర్పిచ్చిన సుప్రీంకోర్టే, హైదరాబాదు జంట యొకటి ముందు నిలిచి తెచ్చిన వ్యాజ్యములో, 2023 అక్టోబరు 17న, వివాహము ప్రాథమికహక్కు కాదని ఏకగ్రీవముగ పలికి, అట్టి జంటల సహజీవనమునకు చట్టబద్ధమైన గుర్తింపును మువ్వురు న్యాయమూర్తుల యాధిక్యముతో నిరాకరించి, భారమును పార్లమెంటునకు వదలినది. ఆ విచారణలో కేంద్రప్రభుత్వము ఈ కోరికను నగరవాసులైన ఉన్నతవర్గముల భావమని కొట్టివేయ జూచెను. నా దృష్టిలో సత్యము దీనికి తలక్రిందులుగా నున్నది. ధనవంతులైన యిద్దఱు పురుషులో ఇద్దఱు స్త్రీలో కలిసి బ్రతుకదలచినచో, న్యాయవాదిని పెట్టుకొని వీలునామాలు వ్రాసికొందురు, ఉమ్మడి పేర ఇల్లు కొందురు. కూలిపని చేయువానికి వీలునామా వ్రాయ ఆస్తి యెక్కడిది? అతనికి గలదెల్ల చట్టము చూపు నీడయే. కట్టడముమీదనుండి పడి మరణించిన కార్మికునికి రావలసిన పరిహారమును చట్టము ఆశ్రితులకిచ్చును. ఆ ఆశ్రితుల పట్టికలో, అతనితో ఇరువదియేండ్లు ఒక్క పొయ్యిమీద వండుకొని తిన్న సహచరునికి చోటు లేదు. అట్టివారిని ఒక్క కుటుంబముగ నెంచి రేషనుకార్డు ఈయుడని 2024లో కేంద్రమే రాష్ట్రములకు సూచించినది. బియ్యము తూచునపుడు ఒక్క యిల్లైనవారు చావు వచ్చినపుడు పరాయివారగుట యే ధర్మము?

మతాచారములకు భంగము కలుగునని భయపడువారికి ఒక్క మనవి. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము రిజిస్ట్రారు కార్యాలయమున జరుగు పెండ్లికి సంబంధించినది. దానిని సవరించుటవలన ఏ పురోహితుడును, ఏ పాస్టరును, ఏ ఖాజీయు ఇష్టములేని పెండ్లి చేయవలసిన పని లేదు. వితంతువివాహమును అనుమతించు చట్టము 1856లో వచ్చినను, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించునప్పటికి 1881వ సంవత్సరము డిసెంబరు వచ్చినది. నాడు చట్టము ముందు నడువగా సమాజము పాతికేండ్లు వెనుకబడెను. నేడు జంటలు ముందే కాపురములు చేయుచున్నవి, వెనుకబడినది చట్టమే. పార్లమెంటు ప్రత్యేక వివాహచట్టమును సవరింపవలెను. అంతవఱకు పరిహారమునకును, పింఛనునకును, వైద్యమునకును తన కుటుంబమెవరో చెప్పుకొను హక్కును ప్రతి శ్రామికునికి ఈయవలెను. ఆ కుటుంబము కడుపునిండ తినునంత కూలిని చట్టముచే కట్టడి చేయవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను, తక్కిన రెండును పేదవానికి సగము న్యాయమే యగును.