నిస్తంతి విద్య: విమానాశ్రయ ప్రాంతము

ఔత్సాహిక రేడియో పరీక్షలో నుత్తీర్ణుడై, ప్రభుత్వమువారి యనుమతిపత్రము చేతి కందిన యువకుడు నేడు మొట్టమొదట కొనగోరునది డిజిటల్ మొబైల్ రేడియో యను చేతియంత్రము. దీనినే సంక్షేపముగా డి.ఎం.ఆర్. అందురు. హైదరాబాదు నగరమునందును, విమానాశ్రయము వచ్చినది మొదలు పట్టణమై పెరుగుచున్న శంషాబాదు ప్రాంతమునందును ఇట్టి యుత్సాహము వ్యాపించుట మాకు సంతోషకరము. అయితే ఈ విద్యను నేర్చుకొను మార్గమును గూర్చి కొంత నిష్కర్షగా చెప్పవలసి యున్నది. యంత్రమును కొని, ఎవరో కూర్చిన పట్టికను దానిలోని కెక్కించి, ఇంటియందలి ఇంటర్నెట్టు సాయమున అమెరికాలోని మిత్రునితో రెండుమాట లాడినంతనే నిస్తంతివిద్య యలవడినదని తలంచువారు కలరు. పొరుగూరికి మాట చేర్పలేని రేడియో ఖండాంతరమునకు చేర్చిన నేమి?

సంగతి తెలియని పాఠకులకై రెండుమాటలు చెప్పుదుము. లాభాపేక్ష లేక, కేవలము నేర్చుటకును ప్రయోగములు చేయుటకును సొంతముగా రేడియో కేంద్రమును నడుపుకొనువారిని లోకమంతటను హామ్‌లని పిలుచుచున్నారు. కేంద్రప్రభుత్వమువారి నిస్తంతిశాఖ పరీక్ష పెట్టి వీరికి యోగ్యతాపత్రము నిచ్చును. పండ్రెండేండ్లు నిండిన బాలుడును దీనికి కూర్చుండవచ్చును. మన దేశమున వీరి పిలుపుపేరులు 'వి.యు.' అను అక్షరములతో మొదలగును. హైదరాబాదు ఈ విద్యకు క్రొత్త కాదు. 1983 లో సూరిగారు స్థాపించిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ నగరముననే యున్నది. దేశమున ఇట్టి సంస్థ నొకదానిని నెలకొల్పిన ఘనత మన యూరిది.

ఈ స్వేచ్ఛ ఊరక వచ్చినది కాదు. పరప్రభుత్వమువారు 1885 నాటి తంతి శాసనమును, 1933 నాటి నిస్తంతి శాసనమును చేతబట్టుకొని రేడియోను అనుమానపు కంటితోనే చూచిరి. 1939 లో యుద్ధము రాగానే ఔత్సాహికుల యనుమతులన్నియు రద్దయ్యెను. 1942 ఆగస్టులో ఉషా మెహతాయు ఆమె సహచరులును బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడిపి, నవంబరులో పట్టుబడి చెరసాలల పాలైరి. ఆ శాసనముల స్థానమున 2023 లో మన పార్లమెంటు వేరొక శాసనమును చేసినది. నేటి యువకుడు నిర్భయముగా మాటాడుటకు ముందు ఒకతరము మాటాడినందుకు శిక్ష ననుభవించినదని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఇక డి.ఎం.ఆర్. పనిచేయు విధము. ఇది ఐరోపాలోని ప్రమాణసంస్థవారు 2005 లో ప్రకటించిన పద్ధతి. కర్మాగారములు, గిడ్డంగులు, పూటకూళ్ళ భవనములు, బాడుగబండ్లు మొదలగువాని యవసరమునకై పుట్టినది. హామ్‌లు దానిని పిమ్మట తమదిగా చేసికొనిరి. దీని కిటుకు చెఱువుక్రింద సేద్యము చేయువారికి సులభముగా బోధపడును. తూము ఒకటే, కాలువ ఒకటే, కమతములు రెండు. నీటివంతు ఒకనికి కొంతసేపు, రెండవవానికి కొంతసేపు. అటులనే పన్నెండున్నర కిలోహెర్ట్జుల వెడల్పుగల ఒకే రేడియోకాలువను రెండు సంభాషణలు పంచుకొనును. వంతు గడియలు కాదు, సెకనులో వెయ్యింట ముప్పది పాళ్ళు మాత్రమే. ఆ స్వల్పకాలమున మొదటి సంభాషణ ముక్క పోవును, అంతలో రెండవదాని ముక్క పోవును, మరల మొదటిది. చెవికి మాత్రము రెండును తెగక వినబడును. మాటాడువాని యంత్రము సగము కాలమే ప్రసారము చేయుటచే బ్యాటరీయు నెక్కువసేపు నిలుచును.

ఇంత సన్నని కాలువలో రెండు గొంతు లిముడుటకు కంఠధ్వనిని గట్టిగా పిండవలసి యున్నది. సాధారణపు డిజిటల్ టెలిఫోను గొంతును సెకనునకు 64,000 అంకెలుగా పంపును. డి.ఎం.ఆర్. యంత్రము దానినే 2,450 అంకెలకు కుదించి, దారిలో చెడిపోయినవానిని సరిదిద్దుకొనుటకు మఱి 1,150 అంకెలను చేర్చును. అందుచేతనే ఆ గొంతు ఒకింత డబ్బాలోనుండి వచ్చినట్లుండును. పాతపద్ధతి రేడియోలో దూరము పెరిగినకొలది హోరు పెరిగి మాట క్రమముగా మునిగిపోవును. శ్రద్ధగల చెవి హోరులోనుండియు మాట నేరుకొనగలదు. డిజిటల్ పద్ధతిలో ఒక మేరవఱకు మాట స్ఫుటముగా నుండి, ఆ మేర దాటగానే ముక్కలై యంతలో నిశ్శబ్దమగును. గట్టువంటి దది, అంచువఱకు చదును, తరువాత పాతాళము. తన యంత్రమునకు ఆ గట్టు ఎక్కడ నున్నదో, ఏ వీథి మలుపున మాట తెగునో, ఏ మిద్దెపైనుండి మరల దొరకునో అభ్యాసకుడు కాలినడకను తిరిగి తెలిసికొనవలయును. ఈ పనిని చేయువారే యరుదు.

క్రొత్తవానిని మొదట భయపెట్టునది 'కోడ్ ప్లగ్' అను పట్టిక. ఏ పౌనఃపున్యమున వినవలెను, ఏ పౌనఃపున్యమున పలుకవలెను, రెండు వంతులలో ఏ వంతు, ఏ సమూహముతో మాట, ఇవన్నియు అందు వ్రాయబడును. పశువుల మందలను గుర్తించుటకు ముద్ర వేసినట్లు, ఒకే పౌనఃపున్యముపై నున్న వేర్వేఱు కేంద్రములను వేఱుచేయుటకు 'కలర్ కోడ్' అను గుర్తు సున్న మొదలు పదునైదువఱకు గలదు. 'టాక్ గ్రూప్' అనునది రచ్చబండవంటిది. ఆ బండపై గూర్చున్నవారికే ఆ మాటలు వినబడును. ప్రతి హామ్‌కును ఏడంకెల సంఖ్య యొకటి యుండును. భారతీయుల సంఖ్యలు 404 తో మొదలగును. వీనిలో ఒక్కటి తప్పినను యంత్రము మూగదగును. మూగ యేల యైనదో అది చెప్పదు.

ఈ కష్టమునకు వెఱచి, ఎక్కడనో యెవరో తయారుచేసిన పట్టికను యథాతథముగా నెత్తికొనుట అలవాటగుచున్నది. ఇందు ప్రమాదము కలదు. పెక్కు విదేశములలో ఔత్సాహికులకు 430 మొదలు 440 మెగాహెర్ట్జులవఱకు చోటున్నది. మన దేశమున 434 మొదలు 438 వఱకే. క్రిందిపట్టీలో వారిలో కొందఱికి 148 వఱకు చెల్లును. మనకు 144 నుండి 146 వఱకే. పరదేశపు పట్టికను నింపుకొన్నవాడు తెలియకయే ఇతరుల పొలములో నాగలి దించినవాడగును. మఱియు ఈ యంత్రములలో మాటను మఱుగుపఱచు మీటలును గలవు. వర్తకులకు అవి యుపయోగపడవచ్చును; ఔత్సాహికుని మాట వినదలచిన ప్రతివాడు వినునట్లుండవలెనన్నది అంతర్జాతీయ నియమము. ఆ మీటను ముట్టరాదు. అనుమతి లేకయే సంతలో కూరగాయవలె ఈ యంత్రములను కొనువారికి మఱొక హెచ్చరిక: ఇంటర్నెట్టు అంగళ్ళలో రేడియోయంత్రముల యక్రమవిక్రయమును అరికట్టుటకు కేంద్రప్రభుత్వము 2025 లో ప్రత్యేక మార్గదర్శకములను జారీచేసినది.

విమానాశ్రయము ప్రక్కన నివసించువారికి ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు శంషాబాదునకు తరలివచ్చెను. సుమారు 5,500 ఎకరముల యా నేలకు పూర్వము స్వాములైనవారిలో కొందఱు మా పాఠకులలోనే యుందురు. ఆ నేలపై దిగు విమానములు తమ కేంద్రముతో 118 మొదలు 137 మెగాహెర్ట్జుల మధ్య సంభాషించును. వింత యేమన, లోకమంతయు డిజిటల్ మంత్రమును జపించుచుండగా, పైలటు గొంతు నేటికిని పాతకాలపు పద్ధతిలోనే సాగుచున్నది. ఇరువు రొక్కసారి పలికినను ఆ పద్ధతిలో కీచుమను శబ్దము వినబడి, మఱొకడు పలుకుచున్నాడని తెలియును గదా! క్రొత్తది యెల్ల పాతదానికి అన్నివిధముల మేలు కాదనుటకు ఇది యొక దృష్టాంతము. చవుకబారు యంత్రము తన మేర దాటి మలినప్రసారము చేసినచో నష్టము ఎవరికో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏరియలు స్తంభమును ఎత్తుగా నిలుపుటకును ఇచ్చట స్వేచ్ఛ లేదు. విమానాశ్రయముచుట్టు నిర్ణీతపరిధిలో కట్టడముల యెత్తునకు విమానాశ్రయ ప్రాధికారసంస్థవారి నిబంధనలు గలవు.

ఎత్తు దొరకనివారికి హాట్‌స్పాట్ అను చిన్నపెట్టె సులభోపాయముగా కనబడును. అరచేతిలో నిముడు కంప్యూటరు, దానికొక బుల్లి రేడియో; చేతియంత్రపు మాట గదిలోని పెట్టెకు చేరును, పెట్టెనుండి ఇంటర్నెట్టులో బడి లోకమంతయు తిరుగును. దీనిని మేము నిందింపము. దుబాయిలోనో డాలసులోనో నున్న తెలుగుహామ్‌తో పరీక్షించి చూచుటకు, పట్టిక సరిగనున్నదో లేదో తెలిసికొనుటకు ఇది మంచి సాధనము. కాని ఆ మాట గాలిలో నడచినది పదియడుగులు. మిగిలిన దారియంతయు కంపెనీల తీగెలది. తీగె తెగిననాడు ఆ పెట్టె ఎందులకు?

తీగె తెగదని యెవరైన హామీ యీయగలరా? 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి గగన్‌పహాడ్ వద్ద అప్పచెఱువు కట్ట తెగి బెంగుళూరు రహదారి కోసుకొనిపోయెను. నగరమునకును విమానాశ్రయమునకును నడుమనున్న ప్రధానమార్గ మది. 1908 నాటి మూసీ వఱదవలన బుద్ధివచ్చి కట్టిన హిమాయత్‌సాగరము ఇచ్చటికి కూతవేటు దూరముననే యున్నది. అయినను చిన్నచెఱువుల గతి ఎవరికి పట్టినది? 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు ఒక్కపూటలో సెల్‌ఫోనుల స్తంభములు కూలి మహానగరము మూగవోయెను. అట్టితరి హామ్‌ల యంత్రములు అక్కఱకు వచ్చినవి. అంతకు పదేండ్లముందు, 2004 డిసెంబరున, హైదరాబాదు సంస్థ పక్షమున భారతీ ప్రసాదుగారును ఆమె బృందమును ప్రయోగార్థమై అండమానులోని పోర్టుబ్లెయిరున నుండిరి. డిసెంబరు 26 న సునామీ వచ్చినది. వినోదమునకై తెచ్చిన యంత్రములే ఆ దీవులకును ప్రధానభూమికిని నడుమ వార్తావాహకము లయ్యెను. వారి మాట ఏ కంపెనీ తీగెను గాని ఆశ్రయింపలేదు.

కావున మా యభిప్రాయ మిది. డి.ఎం.ఆర్. నేర్చువాడు హాట్‌స్పాటుతో మొదలిడినను దానితో నాగరాదు. ఇంటర్నెట్టు లేకయే పనిచేయు పునఃప్రసారకేంద్రమునకు, అనగా రిపీటరునకు, తోటివారితో గలసి పూనుకొనవలయును. ఎత్తయిన చోట నొక యంత్రము, నిబంధనల కనుగుణమైన స్తంభము, సూర్యరశ్మితో నిండు బ్యాటరీ యున్న చాలును. లోయలోని చేతియంత్రమును అది గట్టుమీదికి చేర్చును. ఒకే రిపీటరునందు రెండు వంతులుండుటచే, ఆపదవేళ నొకదానిపై రక్షకదళపు సమాచారమును, రెండవదానిపై ఆహారౌషధముల సమాచారమును నడుపవచ్చును. డి.ఎం.ఆర్. యొక్క నిజమైన మేలు ఇచ్చట నున్నది. రిపీటరును పడిపోయినచో, యంత్రమునుండి యంత్రమునకు నేరుగ మాటాడు అభ్యాసమును ముందుగనే చేసియుంచుకొనవలెను.

డిజిటల్ రేడియో రేడియోయే కాదని యీసడించు పెద్దలతో మేము ఏకీభవింపము. మోర్సు తంతి నేర్చినవారు కంఠధ్వనిని గూర్చియు నొకప్పుడు ఇట్లే పలికియుందురు. సెల్‌ఫోనుండగా ఇదియంతయు నేల యనువారికి విశాఖవాసులు సమాధానము చెప్పగలరు. మా ఆక్షేపణ వేఱు. గొంతును పిండు ఆ సూత్రము అమెరికాలోని యొక కంపెనీ సొత్తు. యంత్రములలో నధికభాగము చీనాలో పుట్టుచున్నవి. ఆస్ట్రేలియావాడైన డేవిడ్ రో ఎవ్వరైనను తెఱచి చూడగల 'కోడెక్ 2' అను సూత్రమును రచించెను. దాని నాధారము చేసికొని పోలండు ఔత్సాహికులు 'ఎం 17' అను పద్ధతిని లేవదీసిరి. మనవారికి ఇట్టి శక్తి లేదందుమా? 2005 మే 5 న శ్రీహరికోటనుండి మన రాకెట్టు ఎక్కించిన హామ్‌శాట్ అను 42.5 కిలోల ఉపగ్రహము 2014 వఱకు లోకమందలి హామ్‌ల మాటలను మోసినది. అందలి రెండు యంత్రములలో నొకదానిని మనవారే నిర్మించిరి. రెండవదానిని డచ్చి విద్యార్థి యొకడు చేసెను. ఒక విద్యార్థి చేసినది ఆకాశమున తిరిగినపుడు, మన యింజనీరింగు కళాశాలల విద్యార్థులు పట్టికల నెత్తికొనుటతో తృప్తినొందుట యేల?

ఇందులకు భాషయు నొక యాటంకము. నేర్చుటకు దొరకు సామగ్రి మిక్కిలిపాలు ఆంగ్లముననే యున్నది. గగన్‌పహాడ్ చెఱువుకట్టపై కాపుండువానికి, మామిడిపల్లి రైతుకుమారునికి, వాడు చదువగల తెలుగున ఒక చిన్నపుస్తకము కావలెను: విద్యుత్తు, ఏరియలు, నియమములు, పట్టిక కూర్చువిధము, అంతే. నూఱు పుటలు మించనక్కఱలేదు. నగరములోని ఔత్సాహికసంఘములు ఒక్క వేసవిలో దీనిని సిద్ధము చేయగలవు.

భూస్వాములైన మా పాఠకులను మేము కోరునది ధనము కాదు. మిట్టపైని మీ యింటిమిద్దెపై నాలుగడుగుల చోటు, పిడుగునుండి కాపాడు రాగితీగెను భూమిలోనికి దించుకొనుటకు సెలవు, నెలకొక్కసారి తాళముచెవి. ఇవి దొరకినచో అనుమతిపత్రము, యంత్రము, బ్యాటరీ సంగతి ఆ యువకులే చూచుకొందురు. వానకాలము రాకమునుపే అడుగవచ్చిన వారిని గుమ్మమునుండి మరలింపకుడు.