ముందు నా పాఠం వినండి

పన్నెండో నిమిషంలో ఇంటర్వ్యూ ఆగిపోయింది. పెద్దవంగరలో మా డాబా మీద, సిగ్నల్ బాగా అందే పిట్టగోడ మూలన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అవతల దక్షిణ కొరియాలోని ఒక విశ్వవిద్యాలయం, ఇంగ్లిష్ లెక్చరర్ ఉద్యోగం. ‘ఇఫ్’తో మొదలయ్యే వాక్యాలు పిల్లలకు ఎట్లా నేర్పుతారని ఇంటర్వ్యూ చేస్తున్నావిడ అడిగారు. చెబుతుంటే తలూపుతూ రాసుకున్నారు కూడా. అప్పుడు పక్కన కూర్చున్నాయన, మీ పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగాడు. ఇండియా అన్నాను. థ్యాంక్యూ అన్నారు. అంతే.

నా పాఠంలో తప్పు పట్టి పంపించి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. పాఠం నచ్చింది, పుట్టిన ఊరు నచ్చలేదు. ‘నేటివ్ స్పీకర్లు మాత్రమే’ అని ఉద్యోగ ప్రకటనల కింద రాసే ఆ మాట అర్హత కాదు, వివక్ష. అంటరానితనం ఎట్లుంటదో తెలిసిన నేల మీద పుట్టినవాణ్ణి. గడప దగ్గర నిలబెట్టి నువ్వెవరి బిడ్డవని అడగడం ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

కొరియాలో భాష నేర్పేవారికి ఇచ్చే ఈ-2 వీసా ఇంగ్లిష్‌కు ఏడు దేశాల వారికే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం మనకు ఒక సందు తెరిచింది. ఇండియా టీచర్లు అక్కడి బడుల్లో పనిచేయొచ్చు, కానీ సహాయ ఉపాధ్యాయులుగా! రెండు ప్రభుత్వాలు సంతకాలు చేసుకున్న కాగితంలో కూడా మన టీచరుకు దొరికింది పక్క కుర్చీయే.

అసలు కొరియా పిల్లవాడు ఇంగ్లిష్‌లో ఎక్కడ తడబడతాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు? వాళ్ల భాషలో క్రియ వాక్యం చివరికి వస్తుంది, మన తెలుగులోలాగే. వాళ్లకు ‘ఎ’, ‘ది’ లేవు, మనకూ లేవు. ‘ఇన్’, ‘ఆన్’ మాటకు ముందు రావడం వాళ్లకూ వింతే, మనకూ వింతే. ఆరో తరగతిలో ‘ది’ ఎక్కడ పెట్టాలో తెలియక నేను తిన్న దెబ్బలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎక్కడ జారానో, ఏ గోడ పట్టుకుని లేచానో నాకు తెలుసు. ఉగ్గుపాలతో ఇంగ్లిష్ తాగినవాడికి ఆ ‘ది’ ఊపిరిలాంటిది. ఊపిరి ఎట్లా తీయాలో చెప్పమంటే వాడేం చెబుతాడు? వాళ్లలో గొప్ప ఉపాధ్యాయులు లేరని అనడం లేదు. కానీ వాళ్లను గొప్పవాళ్లను చేసింది చదువూ సాధనా, పుట్టుక కాదు.

ఈ జబ్బు పాతది. 1961లో ఉగాండాలోని మకెరెరేలో కామన్వెల్త్ దేశాల ఇంగ్లిష్ బోధన సదస్సు జరిగింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాడే ఆదర్శ ఉపాధ్యాయుడన్న నమ్మకం అక్కడి నుంచే సిద్ధాంతంలా పాకింది. భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో తన పుస్తకంలో ఆ నమ్మకాన్ని భ్రమ అని తేల్చి రాశాడు. ఇంగ్లిష్ బోధకుల అంతర్జాతీయ సంఘం టెసోల్ 2006లో ఈ వివక్షను వ్యతిరేకిస్తూ ప్రకటన చేసింది. ప్రకటన చేసి ఏం లాభం? ఉద్యోగ ప్రకటనల కింద ఆ మాట చెక్కుచెదరలేదు.

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం 1958లో పెట్టిన సంస్థే ఇవాళ్టి ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఆఫ్రికా నుంచి, మధ్య ఆసియా నుంచి ఉద్యోగులు అక్కడికి వచ్చి ఇంగ్లిష్ నేర్చుకుని పోతున్నారు. వాళ్లు మన దగ్గరికి వస్తే మేం పనికొస్తాం. మేం వాళ్ల దాకా పోతే పనికిరామా? బ్రిటన్ వీసాల కోసం రాసుకున్న ఇంగ్లిష్ దేశాల జాబితాలో జమైకా ఉంది, గయానా ఉంది, మాల్టా ఉంది. మంచిదే. ఇంగ్లిష్‌లో కోర్టు తీర్పులు రాసుకునే మన దేశం లేదు.

మరి మమ్మల్ని రమ్మని పిలిచిందెవరు? లిబియా, యెమెన్, ఇథియోపియా. మిగతా వాళ్లు వదిలిపెట్టి పోయిన చోట తెలుగు లెక్చరర్ పాస్‌పోర్టు ఎవరికీ అడ్డు రాలేదు. 2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేసే నలుగురు భారతీయ అధ్యాపకులను ఇంటికి బయలుదేరిన దారిలోనే ఎత్తుకుపోయారు. కర్ణాటక వాళ్లిద్దరినీ కొద్దిరోజుల్లోనే వదిలేశారు. తెలుగువాళ్లిద్దరూ ఇంటి ముఖం చూసింది 2016 సెప్టెంబరులో. ఆ ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో ఫోన్ మోగితే ఎట్లుండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. బతకడానికి పోయి చిక్కుకున్నారని జాలిపడ్డాం గానీ, చదువుకున్నవాళ్లు అక్కడికెందుకు పోవాల్సి వచ్చిందని మనం అడగలేదు.

నేను చెబుతాను. ఇక్కడ జూనియర్ కాలేజీ గెస్ట్ లెక్చరర్‌కు కొన్నేళ్లపాటు ఇచ్చింది పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించకుండా. సెలవుల్లో అదీ లేదు. ఆ లెక్క ఇంట్లో వేసి చూసినవాడు లిబియా అన్నా, యెమెన్ అన్నా బ్యాగు సర్దుకుంటాడు.

పోయేవాడికి కాపలా ఉందా? పది పాసైనవాడి పాస్‌పోర్టుకు, వలస అనుమతి తప్పనిసరి అని చెప్పే ఈసీఆర్ ముద్ర ఉండదు. 18 దేశాలకు పోయే, పది పాసవని మేస్త్రీకైతే 1983 వలసల చట్టం కింద క్లియరెన్స్, బీమా, కాంట్రాక్టు కాగితం కావాలి. పీహెచ్‌డీ చేసినవాడికి అవేవీ లేవు, ఏ దస్త్రంలోనూ పేరుండదు. 2018 నవంబరులో వీళ్లూ పేరు రాయించుకోవాలని కేంద్రం ప్రకటించింది. నెల తిరక్కుండానే పక్కన పెట్టేసింది.

కాగితాల బాధ వేరే కథ. నా మెమోల్లో పెద్దవంగర అంటే కొడకండ్ల మండలం, వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు తర్వాత తీసుకున్న ఆధార్‌లో పెద్దవంగర మండలం, మహబూబాబాద్ జిల్లా. కొడకండ్లేమో జనగామలో కలిసింది. ఇద్దరూ ఒకరేనా అని అటెస్టేషన్ చేయించే ఏజెంట్ అడిగాడు, అదొక్కటే తేల్చడానికి అఫిడవిట్ పేరుతో నాలుగు వేలు గుంజాడు. నా ఒరిజినల్ డిగ్రీ వెనక ఇప్పుడు మూడు ముద్రలున్నాయి, నేను తరగతి చెప్పగలనో లేదో చూసి వేసింది ఒక్కటీ కాదు.

ఢిల్లీలో కూర్చుని వాణిజ్య ఒప్పందాలు రాసేవాళ్లను అడుగుతున్నాను. కంప్యూటర్ ఇంజినీర్ల వీసాల కోసం రాత్రంతా బేరమాడతారు కదా, ఇంగ్లిష్ అధ్యాపకుడి కోసం ఒక్క వాక్యం బేరమాడండి. కొరియా ఒప్పందంలో ‘సహాయ’ అన్న మాట కొట్టేయించండి. లిబియాకైనా లావోస్‌కైనా పోయే లెక్చరర్ పేరు ఎంబసీలో ఒకచోట రాసి ఉండేలా చూడండి. విదేశీ విశ్వవిద్యాలయాలను అడిగేది ఇంకా చిన్నది. ఒక గది, ముప్పైమంది పిల్లలు, నలభై నిమిషాలు ఇవ్వండి. నా పాఠం బాగా లేకపోతే నేనే లేచి వెళ్లిపోతాను.