కెమెరా చూడని మధ్యకాలము



ఈ మాసమున నాకు చేరిన జాబులలో ఇంగ్లండునుండి వచ్చినదొకటి కలదు. వ్రాసిన చెల్లెలి పుట్టినిల్లు రాజమహేంద్రవరము. మూడేండ్లుగా లండనునకు పడమటనున్న యొక పట్టణమున భర్తతోను, ఇద్దరు బిడ్డలతోను కాపురముండుచున్నది. పేరు ప్రకటింపవలదని కోరినది గావున ప్రకటింపను.

ఆమె భర్తపేర నొక కాగితము టపాలో వచ్చినది. ఒక అంగళ్ల సముదాయమువారి కార్ల నిలుపుచోటికి వారి కారు ఉదయము 9 గంటల 42 నిమిషములకు వచ్చి, మధ్యాహ్నము 3 గంటల 51 నిమిషములకు వెడలినదట. అచట ఉచితముగా నిలుపుటకు 2 గంటలే యనుమతి గావున 100 పౌండ్లు చెల్లింపవలయునట. 14 దినములలో చెల్లించినచో 60 పౌండ్లు చాలునట. ఆనాడు కారు నడిపినది భర్త కాదు, ఈమెయే. ఉదయము పాలు, కూరలు కొని అరగంటలో ఇల్లు చేరినది. మధ్యాహ్నము బిడ్డను బడినుండి తీసికొనివచ్చుచు, మందులకై మరల నచటికే పోయినది. నడుమ కారు ఇంటిముందే యున్నది. "అక్కయ్యగారూ, ఆయనకు తెలియకుండ నేను దాచుకొన్న డబ్బులోనుండి 60 పౌండ్లు కట్టివేసి యీ కాగితమును చింపివేయుదునా?" యని యడిగినది.

చింపవలదు, కట్టనువలదు. ఆ జాబు చదివినప్పుడు నన్ను బాధించినది అరువది పౌండ్లు కాదు, "ఆయనకు తెలియకుండ" అను మాట. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

మొదట ఈ కాగితమేమో తెలిసికొనవలయును. ఆ దేశమున ఒకే పొడియక్షరములతో రెండు విధములైన కాగితములు వచ్చును. పెనాల్టీ ఛార్జి నోటీసు పురపాలకులు చట్టము ననుసరించి విధించు జరిమానా. పార్కింగ్ ఛార్జి నోటీసు అట్టిది కాదు; అది స్థలము నడపు వ్యాపారసంస్థ ఒప్పందము పేర అడుగు సొమ్ము. బోర్డుపై షరతులు వ్రాసియుంచితిమి, చూచి నిలిపితిరి, కావున ఒప్పుకొంటిరి అని వారి వాదము. రెంటిలోను మొదటి యక్షరములు పీ.సీ.ఎన్. అగుటచే మన యాడువారు సర్కారువారే పట్టుకొన్నారని బెదరుదురు.

ఇట్టి కాగితములను చెత్తబుట్టలో వేయుడని చెప్పు పెద్దలు ఇప్పటికిని కలరు. అది 2012కు పూర్వపు మాట. అప్పుడు కారు నడిపినదెవరో సంస్థ రుజువు చేయలేకున్నచో వ్యవహారమచటనే యాగెడిది. 2012 చట్టము నాలుగవ షెడ్యూలు ప్రకారము, నడిపినవారెవరో తెలియకున్నను, కొన్ని షరతులకు లోబడి కారు ఎవరిపేర నమోదయినదో వారిని అడుగవచ్చును. ఇక రుసుము మితిమీరినదను వాదమునకు 2015 నవంబరు 4వ తేదీన అచటి సుప్రీముకోర్టు సమాధానము చెప్పినది. బీవిస్ అను నాతడు చెమ్స్‌ఫర్డులో 2 గంటల యనుమతికి మించి 56 నిమిషములు కారు నుంచెను. 85 పౌండ్లు కట్టుమనిరి. ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు ఆ రుసుము చెల్లుననిరి. కావున నిజముగనే గంటసేపు మించి నిలిపి, బోర్డులు స్పష్టముగా నున్నచో, 60 పౌండ్లు కట్టి యూరకుండుటయే మేలని నా యభిప్రాయము.

మన చెల్లెలి సంగతి వేరు. ఆమెపై సాక్ష్యము చెప్పినది కెమెరా యొక్కటే. ఆ కెమెరాల పని యెంతో గొప్పదనుకొందుము గాని, అది మా పంతులుగారు చిన్నపిల్లలకు చెప్పు తీసివేత లెక్కయే. వచ్చునపుడొకసారి, పోవునపుడొకసారి కారు సంఖ్యాఫలకమును చదివి, రెండు కాలములకును గల భేదమును యంత్రము లెక్కించును. మన చిత్రగుప్తుడు నడుమ జరిగినదంతయు వ్రాయునందురు. ఈ చిత్రగుప్తునకు ఆద్యంతములే గాని మధ్యము లేదు. ఉదయము పోవునపుడు వెనుకబండి యానుకొనియుండి ఫలకము మరుగుపడినను, అది బురదగొట్టుకొనియున్నను, ఎండ కెమెరా కంటిలో పడినను ఆ నిష్క్రమణము నమోదు కాదు. రెండవ ప్రవేశము కూడ తప్పిపోయెనా, రెండు రాకలును కలిసి ఒక దీర్ఘమైన మకాముగా తేలును. ఇది అరుదుగా జరుగునది కాదు. ఆ దేశమువారు దీనికి "డబుల్ డిప్" అని పేరుగూడ పెట్టిరి.

ఇంకొకటి. యంత్రము లెక్కించునది స్థలములో నున్న కాలమే గాని కారు నిలిచిన కాలము గాదు. చోటు వెదకికొనుటయు, వెడలుటకు వరుసలో కాచుకొనుటయు నందే చేరును. అందుకే సంస్థల నియమావళిలో గడువు ముగిసిన తరువాత కనీసము 10 నిమిషముల వెసులుబాటు గలదు. ఈ నియమావళి కథ యొకటి. పార్లమెంటు 2019లో చట్టము చేసినది. దాని ననుసరించి ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన నియమావళిని అదే యేడు జూనులో ఉపసంహరించినది. 2024లో సంస్థల సంఘములు రెండును కలిసి తమ నియమావళిని తామే ప్రకటించుకొన్నవి. నియమములు చేయువారును, వాటికి లోబడువారును ఒక్కరే యగుట నాకు రుచింపదు. అయినను వారు వ్రాసికొన్న మాటనే వారికి చూపుట కది పనికివచ్చును.

చెల్లెలు తాను పంపదలచిన విన్నపము ప్రతిని నాకు పంపినది. రెండు పుటలు. అందు అత్తగారి మోకాళ్లనొప్పి, బిడ్డ దగ్గు, కొత్త దేశములో ఒంటరితనము అన్నియు నున్నవి. కారు నడుమ ఇంటికి వచ్చినదను మాట చివరి పంక్తిలో నున్నది. నేను తలక్రిందు చేయుమంటిని. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయములో ప్రమాణములు మూడు చెప్పబడినవి: వ్రాత, అనుభవము, సాక్షులు. కన్నీరు వానిలో లేదు. శకుంతల యెంత నిజము పలికినను ఉంగరము లేనందున గదా కొలువులో మాట చెల్లకపోయినది!

ఈమెకు ఉంగరములు మూడు దొరికినవి. ఉదయము కూరల యంగడి రసీదు, దానిపై కాలము వేసియున్నది. మధ్యాహ్నము మందులకు చెల్లించినట్లు బ్యాంకు లెక్క. మూడవది మిక్కిలి బలమైనది: వారి వాకిటి పిలుపుగంటకు గల చిన్న కెమెరాలో, మిట్టమధ్యాహ్నము కారు ఇంటిముందు నిలిచియున్న చిత్రము. ఒక కెమెరాకు మరియొక కెమెరాయే జవాబు చెప్పినది. వీనితోపాటు ఆనాడు ఆ సంఖ్యగల కారును తీసిన చిత్రములన్నిటిని వెదకి చూడుడని సంస్థను అడుగుమంటిని.

ఇప్పుడు దాపరికము మాట. కాగితము భర్తపేర వచ్చినది గావున విన్నపము ఆయన పేరనో, ఆయన వ్రాతపూర్వకమైన యనుమతితోనో పోవలయును. ఆయనకు తెలియకుండ నెరవేరునది కట్టుట యొక్కటే. తప్పు చేయని యాడుది తప్పు చేసినదానివలె చాటున సొమ్ము కట్టుట నేను సహింపను. అమ్మాయి ధైర్యము చేసి చెప్పినది. పిలుపుగంట కెమెరాలోని ఆనాటి చిత్రములను రాత్రి కూర్చుండి వెదకి తీసినది ఆ భర్తయే!

విన్నపములో నేననియు, ఆమెయనియు వ్రాయక "ఈ వాహనము" అని వ్రాయుట మంచిది. కారుమీద కాగితమంటింపక కేవలము కెమెరానుబట్టి అడుగునప్పుడు, యజమానిగా నమోదైనవానిపై భారము మోపవలెనన్న, కారు నిలిపిన మరునాటినుండి 14 దినములలో నోటీసు ఆయనకు చేరవలయును. ఆలస్యమైనచో ఆయనపై భారము లేదు. కాని నడిపినదెవరో మీరే వ్రాసియిచ్చినచో ఆ రక్ష నడిపినవారికి లేదు. కావున కవరును పారవేయక, చేరిన తేదీని దానిపై వ్రాసియుంచుడు. ఇది యసత్యము గాదా యని కొందరడుగవచ్చును. ప్రైవేటు సంస్థకు నడిపినవారి పేరు చెప్పవలెనని చట్టము నిర్బంధింపదు. చెప్పకుండుట అసత్యము గాదు. నడిపియు నడుపలేదని వ్రాయుట అసత్యమే, దానిని నేను చెప్పను. ఈ షెడ్యూలు ఇంగ్లండు, వేల్సులకే వర్తించును. స్కాట్లండులోని వారు దీనిని నమ్ముకొనరాదు.

మొదటి విన్నపము 28 దినములలో సంస్థకే పంపవలయును. 14 దినములలోపల పంపుట మేలు. తిరస్కరించినను తక్కువ సొమ్ము కట్టు నవకాశమును మరల నిత్తురు. తిరస్కరించినచో ఇంకొక 28 దినములలో స్వతంత్ర విచారణకు పోవచ్చును. సంస్థ ఏ సంఘమునకు చెందినదో దానినిబట్టి అది పోప్లా యనియు, ఐ.ఏ.ఎస్. అనియు రెండు చోట్ల జరుగును. పోప్లాలో మనకు ఖర్చు లేదు. తీర్పు సంస్థను కట్టివేయును గాని మనలను కట్టివేయదు. అయితే అచటికి పోయినచో 60 పౌండ్ల సౌకర్యము సాధారణముగా పోవును. చేతిలో రుజువున్నవారే పోవలయునని నేననుట అందుకే.

చెల్లెలి మొదటి విన్నపమునకు మూడు పంక్తుల తిరస్కారము వచ్చినది. రసీదును చూచినట్లయినను అందు లేదు. ఆమె పోప్లాకు పోయినది. సంస్థ ఎదురు వాదింపక తన కోరికను ఉపసంహరించుకొన్నది.

ఉత్తరములకు జవాబీయక కూర్చున్నవారికి రెండు మాటలు. వసూలుదారుల యెర్రయక్షరముల జాబులు వచ్చును, 70 పౌండ్లు అదనముగా చేరును. కోర్టు తీర్పు లేనిది వారికి ఇంటి సామాను ముట్టు నధికారము లేదు గావున బెదరనక్కరలేదు. కాని కౌంటీకోర్టునుండి దావా కాగితము వచ్చినచో ఒక్క దినమైనను పెట్టెలో దాచరాదు. అది చేరిన 14 దినములలో అందినట్లు తెలిపినచో జవాబునకు మొత్తము 28 దినములు దొరకును. ఊరకున్నచో ఏకపక్షముగా తీర్పగును. నెలలోపల సొమ్ము కట్టనిచో ఆ తీర్పు 6 సంవత్సరములు పట్టికలో నుండి, ఇంటి యప్పు అడుగబోయినపుడు అడ్డుపడును.

అద్దెయిండ్లు మారుచుండువారికి ఇది మరింత ముఖ్యము. సంస్థలు మన చిరునామాను డీ.వీ.ఎల్.ఏ. అను ప్రభుత్వ కార్యాలయమున 2 పౌండ్ల 50 పెన్నీలిచ్చి తెచ్చుకొనును. కారు పుస్తకములో పాతయింటి చిరునామాయే యున్నచో నోటీసును, దావాకాగితమును పాతయింటికే పోవును. మీకు తెలియకయే తీర్పయిపోవును. ఇల్లు మారిన వారములోనే క్రొత్త చిరునామా వ్రాయించుడు. దానికి రుసుము లేదు.